దసరా పొద్దుగాల సెల్ఫ్ కొట్టకు

అల్లుడా,

తాత అంబాసిడర్ ఇంజన్ నువ్వే దింపి, బోర్ చేపించి, మళ్ల నీ చేతులతోనే బిగించినవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అడుగున తిరిగే పెద్ద ఇరుసు, క్రాంకు దాక పోయి వచ్చినవంటె నాకు శాన సంబురమైంది. గని ఎనకనే ఇంకో మాట చెప్పింది. దసరా పొద్దుగాల చుట్టాలందరి ముంగట మొదటిసారి స్టార్ట్ చేసి, సాయంత్రం అదే కారుల జమ్మికి పోదామన్నవట. ఆ మాటకే నాకు గుబులు పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

దసరా నాడు మొదటి స్టార్ట్ వద్దు. రెండు మూడు రోజుల ముందు, నువ్వూ ఇంకొక్క మనిషీ ఉండి చెయ్యుండ్రి. పండుగనాడు కొబ్బరికాయ చేతుల పట్టుకొని పెద్దమనుషులు నిలవడతరు. ఇంజన్ అందుకోదు. "ఇంకోసారి కొట్టు" అని ఒకరంటరు, నువ్వు కొడతవు. మళ్ల కొడతవు. కొత్త ఇంజన్ పాడయ్యేది ఆ కొట్టుడులనే. ఎట్లనో చెప్త, ఇను.

బిల్లు ఫొటోల చూసిన. వాల్వులను లేపే గుబ్బల ఇరుసు, అదే కొత్త క్యామ్‌షాఫ్ట్, ఆ ఊపును పైకి మోసే పుష్‌రాడ్ల కింద కూసునే ఎనిమిది కొత్త టాపెట్లు కొన్నవు. ఈ 1489 సీసీ ఇంజన్ల టాపెట్ అడుగు క్యామ్ మీద నేరుగ రాసుకుంట తిరుగుతది, నడుమ రోలర్ ఉండదు. రెండూ కొత్తయి కాబట్టి మొదటి ఇరవై నిమిషాలల్ల ఒకదానికొకటి అరిగి కుదురుకోవాలె. కుదిరితె ఏండ్లకేండ్లు నడుస్తది. కుదరకపోతె క్యామ్ కొన గీరుకపోతది, ఆ వాల్వ్ సగమే లేస్తది, అరిగిన ఇనుప పొడి నూనెల కలిసి నువ్వు ఏసిన కొత్త బేరింగుల మీదికి వస్తది.

క్యామ్‌కు నూనె ఎక్కడినుంచి వస్తదో యాదికి పెట్టుకో. క్రాంకు తిరిగినప్పుడు ఎగజిమ్మే నూనెతోనే అది తడుస్తది. ఐడిల్ మీద, అంటె యాక్సిలరేటర్ తొక్కకుండ ఇంజన్ మెల్లగ తిరిగేటప్పుడు, ఆ చిమ్ముడు శాన తక్కువ. పైగ స్పీడ్ తక్కువున్నప్పుడు వాల్వ్ స్ప్రింగు బలమంత క్యామ్ కొన మీదనే పడతది. స్పీడ్ పెరిగితె వాల్వ్ తన ఊపు మీద కొంత తనే లేస్తది, కొన మీద బరువు తగ్గుతది. షెడ్లల్ల ఎప్పటినుంచో జరిగే తప్పు ఇదే. ఇంజన్ అందుకోంగనే "కొత్తది, మెల్లగ తిరగనియ్యి" అని ఐడిల్ మీద ఇడిసిపెట్టి, కార్బొరేటర్ ముంగట కూసొని స్క్రూలు తిప్పుకుంట ఉంటరు. మంచి చేస్తున్నమనుకొనే చేస్తరు. నెల తిరగకముందే టక్ టక్ మొదలైతది, వాల్వ్ గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా మళ్ల పెరుగుతది.

అందుకే ఇంజన్ అందుకున్న క్షణంల 2000 ఆర్పీఎంకు తియ్యి. 2000కు 2500కు నడుమ మెల్లగ పెంచుకుంట, తగ్గించుకుంట ఇరవై నిమిషాలు నడిపియ్యి. నీ బండికి ఆర్పీఎం మీటర్ లేదు, ట్యూనింగ్ మీటర్ ఎవరినన్న అడిగి తెచ్చుకో. ఐడిల్ స్క్రూ ముందే ఒకటి రెండు చుట్లు లోపలికి తిప్పి ఉంచు. ఏదన్న కారితె, వేడి పెరిగితె పూర్తిగ బంద్ చెయ్యి, సరిచేసి మిగిలిన నిమిషాలు పూర్తి చెయ్యి. ఐడిల్‌ల పెట్టి మాత్రం చూడకు.

ఇగ కొట్టుడు సంగతి. బిగించేటప్పుడు క్యామ్‌కు పూసిన నల్ల పేస్టే మొదట్ల దానికి దిక్కు. నువ్వు సెల్ఫ్ కొట్టిన కొద్ది అది తుడుచుకపోతది. కార్బొరేటర్ నుంచి పడ్డ పెట్రోలు బోర్ గోడల మీది నూనెను కడిగేస్తది, రింగులు ఎండుగ గీరుకుంటయి. పది సెకండ్లల్ల అందుకోకపోతె ఆపు, కారణమేందో చూడు.

ఎక్కువసార్లు కారణం టైమింగే, అంటె ప్లగ్గుల నిప్పురవ్వ పడే సమయం. హ్యాండిల్ పెట్టి తిప్పి పుల్లీ మీది గుర్తు కలిపినంత మాత్రాన ఒకటో సిలిండర్ కంప్రెషన్ల ఉన్నట్టు కాదు, ఒకటీ నాలుగూ కలిసే పైకి వస్తయి. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పు, గాలి వేలును తోసెయ్యాలె. అప్పుడు డిస్ట్రిబ్యూటర్‌ల తిరిగే రోటర్ ఒకటో వైరు దిక్కు ఉండాలె. అక్కడినుంచి గడియారానికి ఎదురు దిక్కుల ప్లగ్గు వైర్ల వరుస 1-3-4-2. పాయింట్లు ఎక్కడ తెరుచుకుంటున్నయో బల్బు పెట్టి చూసుకో.

నూనె మినరల్ 20డబ్ల్యూ-50 పొయ్యి, సింథటిక్ ఇప్పుడే వద్దు. కొత్త కార్లకు వచ్చే పల్చటి నూనెలల్ల జింకు తక్కువ, ఈ క్యామ్‌కు జింకు కావాలె. వాల్వ్ గ్యాప్ చల్లగున్నప్పుడు 15 థౌ, అంటె అంగుళంల వెయ్యో వంతులు 15. ఎనిమిదో వాల్వ్ పూర్తిగ కిందికి దిగినప్పుడు ఒకటోది పెట్టు, ఏడోది దిగితె రెండోది. రెండు అంకెలు కలిపితె తొమ్మిది రావాలె. రేడియేటర్ల బోరు నీళ్లు పొయ్యకు, సున్నం కడతది. కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. బండి నిలవడి ఉంటది కాబట్టి రేడియేటర్ ముంగట పెద్ద ఫ్యాన్ పెట్టు.

నూనె ప్రెషర్ మాత్రం తొందరపడి దాటెయ్యకు. ఈ ఇంజన్ల పంపు క్యామ్‌తో తిరుగుతది, బయటినుంచి డ్రిల్లు పెట్టి తిప్పే ఈలు లేదు. నాలుగు ప్లగ్గులూ తీసెయ్యి, కాయిల్ వైరు ఇప్పెయ్యి, ఆయిల్ స్విచ్ తీసి ఆ రంధ్రానికి గేజ్ బిగించు. పదిహేను సెకండ్లు సెల్ఫ్ కొట్టి నిమిషం ఆపు. ప్లగ్గులు లేవు కాబట్టి బేరింగుల మీద బరువుండదు, పెట్రోలు బంద్ పెట్టు, గోడలు కడుగుకపోవు. మూడు నాలుగు సార్లల్ల ముల్లు లేవాలె, రాకర్ల దగ్గర నూనె ఊరాలె. లేవలేదంటె పంపుల గాలి ఉంది. గేజ్ తీసి ఆ రంధ్రంల నుంచి నూనె డబ్బాతో నింపి మళ్ల చూడు. ముల్లు లేచేదాక ప్లగ్గులు పెట్టకు.

రాకర్ కవర్ తీసి ఉన్నప్పుడే ఒక్కొక్క పుష్‌రాడ్ మీద చాక్‌పీసుతో గీత పెట్టు. సెల్ఫ్ కొట్టి ఇంజన్ తిరుగుతుంటె ఆ గీత మెల్లగ చుట్టు తిరగాలె. ఒక్క గీత కదలక అట్లనే ఉన్నా ఆ టాపెట్ తిరుగుతలేదన్నట్టు. అట్లనే స్టార్ట్ చేస్తె ఆ క్యామ్ కొన పోతది. తీసి చూడు.

ఇంజన్‌కు బాడీకి నడుమ ఎర్త్ పట్టీ బిగించినవా? మర్చిపోతె సెల్ఫ్ కరెంటంత చోక్ కేబుల్ల నుంచి పోయి డ్యాష్‌బోర్డు కింద పొగ లేస్తది.

నాకు అన్నిటికన్న భయం పెట్రోలు. సీసల పెట్రోలు పట్టుకొని కార్బొరేటర్ నోట్ల పోసే అలవాటు మన మిస్త్రీల దగ్గర ఉంది. టైమింగ్ జర తప్పున్నా నోట్లకెళ్లి మంట ఎదురొస్తది, సీస నీ చేతులనే ఉంటది. నువ్వు ఆ పని చెయ్యకు నాయిన. పెట్రోల్ పంపు మీట చేతితో కొట్టి బౌల్ నింపుకో. బకెట్ ఇసుక, ఫైర్ సిలిండర్ పక్కన పెట్టుకో. మెడల తువ్వాల తీసెయ్యి, ఫ్యాన్ బెల్టు దాన్ని గుంజితె చెయ్యి గూడ పోతది. షట్టర్ తెరిచి ఉంచు, ఇంజన్ పొగ మనిషిని మెల్లగ పడగొడతది. గేరు న్యూట్రల్, టైర్లకు రాళ్లు. సైలెన్సర్ దిక్కు నూనె కాలి కొద్దిసేపు తెల్లటి పొగ వస్తది, దానికి భయపడకు. నీతోటి ఉన్న మనిషిని గేజ్ చూడమను. ముల్లు పడితె నిన్ను అడుగకుండనే తాళం తిప్పేటట్టు చెప్పి పెట్టు.

ఇరవై నిమిషాలు అయినంక ఆపి, రాత్రంత చల్లారనియ్యి. పొద్దుగాల హెడ్డు నట్లు నడుమ నుంచి బయటికి వరుస తప్పకుండ టార్క్ పానాతో మళ్ల చూడు, గ్యాప్‌లు మళ్ల పెట్టు, నూనె, ఫిల్టరు రెండూ మార్చు.

అప్పుడు తియ్యి బండి. ఒకప్పుడు బోర్ చేసిన బండికి ఎనక అద్దం మీద "రన్నింగ్ ఇన్" అని రాసుకొని తిరిగేటోళ్లు, ఎవరూ హారన్ కొట్టకపోదురు. నువ్వూ రాసుకో, అందుల చిన్నతనం ఏం లేదు. హన్మకొండ చౌరస్తల ట్రాఫిక్‌ల నిలపకు; హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి దిక్కు పో. మూడో గేరుల 30 నుంచి 50 దాక గట్టిగ తొక్కి, కాలు తీసి దానంతట అదే తగ్గనియ్యి. పదిసార్లు అట్ల చేస్తె రింగులు గోడలకు కూసుంటయి. 500 కిలోమీటర్ల దాక 60 దాటకు, టాప్ గేరుల గుంజుకుంట ఎక్కియ్యకు.

500కు నూనె మళ్ల మార్చు. తీసిన నూనెను తెల్లబట్టల వడగట్టి ఎండల పెట్టి చూడు. సన్నటి బూడిద రంగు మెరుపుంటె పర్వాలేదు. రేకుల తీరు తునకలున్నా, రాగి రంగు కనపడ్డా బండి తియ్యకు, బట్ట ఫొటో తీసి నాకు పంపు. పైలం.

మీ మామ