బండి బాగోగులు: ఈసీఎం పోయిందని తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: అయ్యా, మాది 2014 నాటి పెట్రోలు కారు. పొద్దున పూట ఏ ఇబ్బందీ లేకుండా స్టార్టవుతుంది. కాజీపేటలో బయలుదేరి హైదరాబాదు రోడ్డు మీద స్టేషన్ ఘన్‌పూర్ చేరేసరికి, ముఖ్యంగా ఎండ వేళల్లో, ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతున్నది. అరగంట చెట్టు నీడన నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతున్నది. ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు మార్పించినా గుణం కనిపించలేదు. మెకానిక్ ‘ఇంజనును నడిపించే కంప్యూటరు, అదే ఈసీఎం, పోయింది, ముప్పై వేల పైమాటే’ అంటున్నాడు. నేను డీజిల్ లోకోషెడ్‌లో కరెంటు పని చేసి రిటైరైనవాణ్ణి కనుక మల్టీమీటరు నాకు కొత్త కాదు. ఈసీఎం నిజంగా పోయిందో లేదో ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చునా? పోయి ఉంటే నేనే మార్చుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: తేల్చుకోవచ్చు. అయితే మీరు చెప్పిన లక్షణాలను బట్టి నేను మొదట అనుమానించేది ఈసీఎంను కాదు, క్రాంక్ సెన్సర్‌ను. ఇంజను తిరుగుతున్నదన్న సంగతి ఈసీఎంకు తెలిసేది ఈ సెన్సర్ వల్లనే. వేడెక్కినప్పుడు దాని లోపలి చుట్ట తెగినట్టయి సంకేతం ఆగిపోతే, ఇంజను నిలిచిపోయిందనుకుని ఈసీఎం పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనూ, స్పార్కునూ, పెట్రోలు పంపునూ ఒకేసారి ఆపేస్తుంది. చల్లారగానే చుట్ట మళ్లీ అతుక్కుంటుంది, బండి కదులుతుంది. ఈసీఎం లోపలి టంకం పగిలినా, దానికి కరెంటు అందించే మెయిన్ రిలేలో టంకం వదిలినా సరిగ్గా ఇదే ఆట కనిపిస్తుంది కాబట్టి మెకానిక్‌ను తప్పుపట్టలేము. కానీ సెన్సర్ ఖరీదు ఈసీఎం ఖరీదులో చిన్న వంతే కనుక ముందుగా దాన్ని పరీక్షించకుండా పెద్ద ఖర్చుకు దిగడం తొందరపాటు.

ఈ జబ్బును పట్టుకోవలసింది బండి ఆగిపోయి ఉన్నప్పుడే గాని, ఇంటి ముందు చల్లగా నిలబడి ఉన్నప్పుడు కాదు. ఈసారి ఆగగానే తాళం పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా మీటర్ల వైపు చూడండి. చెక్ ఇంజన్ దీపం వెలిగి, వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మంటే ఈసీఎం ప్రాణంతో ఉన్నట్టే. పంపు చప్పుడు మాత్రమే లేకపోతే పంపునూ, దాని రిలేనూ చూడాలి. దీపమే వెలగకపోతే ఈసీఎంకు కరెంటు అందడం లేదు, లేదా అది లోపలే చచ్చిపోయింది. ఆ తరువాత, ఈసీఎం చెప్పే అంకెలనూ, దోషపు కోడులనూ ఫోనులో చూపే చవక ఓబీడీ అడాప్టరును స్టీరింగు కింది 16 పిన్నుల సాకెట్టుకు తగిలించి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. రెండు వందలకు అటూ ఇటూ కనిపిస్తే క్రాంక్ సెన్సర్ బాగుంది. సెల్ఫ్ తిరుగుతున్నా అంకె సున్నా దగ్గరే ఉంటే దోషం సెన్సర్‌లోనో దాని వైరులోనో ఉంది. పీ0335 అనే కోడు పడి ఉంటే అదీ ఇదే మాట చెబుతుంది. పీ0601, పీ0606 అనేవి మాత్రం ఈసీఎం తన లోపలి దోషాన్ని తానే ఒప్పుకునే కోడులు. అయితే బ్యాటరీ నీరసించినప్పుడు రకరకాల తప్పుడు కోడులు పడుతుంటాయి కనుక, బ్యాటరీని 12.6 వోల్టులకు ఛార్జి చేసి, కోడులు చెరిపి, మళ్లీ వస్తేనే వాటిని నమ్మాలి.

దీపం వెలగని పక్షంలో ఈసీఎం కప్లర్ (వైర్లు వచ్చి తగిలే ప్లగ్గు) దగ్గరకు వెళ్లాలి. బండి వైరింగు పటం సంపాదించి అందులో బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తాళం ఆన్ చేస్తే వచ్చేది, మెయిన్ రిలే ద్వారా వచ్చేది, ఎర్తు పిన్నులు ఏవేవో గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మీటరును మాత్రమే నమ్మడం పెద్ద పొరపాటు. ఒక్క పోగు మీద నిలిచిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాగే కరెంటు లెక్కలోకి రానిది. అందుకే ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి కరెంటు వచ్చే పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య పెట్టండి. బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది, ఎర్రగా మినుకుమంటే లోపం అక్కడే. ఎర్తు సంగతి తేలాలంటే ఎర్తు పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించండి, 0.1 వోల్టు దాటకూడదు. లోకోషెడ్‌లో పనిచేసిన మీకు ఎర్తు విలువ గురించి నేను చెప్పనక్కరలేదు గాని, ఈసీఎం పోయిందని నా దగ్గరకు తెచ్చిన బండ్లలో ఇంజను మీది ఎర్తు బోల్టు గీకి బిగించగానే దారికి వచ్చినవి ఉన్నాయి.

ఇంకొక మోసం 5 వోల్టుల సరఫరాలో ఉంది. అనేక సెన్సర్లకు ఈసీఎం ఒకే 5 వోల్టుల తీగను పంచుతుంది. వాటిలో ఒకటి షార్టయితే మిగిలినవన్నీ మూగబోతాయి, ఇంజను స్టార్టు కాదు, అడాప్టరుకు కూడా ఈసీఎం పలకకపోవచ్చు. సెన్సర్ కప్లర్‌లో 4.9 నుంచి 5.1 వోల్టుల వరకు లేకపోతే సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పొండి. ఏది ఊడదీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో దొంగ అదే.

ఇవన్నీ సవ్యంగా ఉండి కూడా బండి ఆగుతుంటే, ఇంజను నడుస్తుండగా ఈసీఎం డబ్బా మీద తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడిగాలి పట్టండి. ఇంజను చల్లగానే ఉండి, డబ్బా వేడెక్కగానే ఆగిపోతే మీ మెకానిక్ మాటే నిజమని ఒప్పుకుందాం. స్పార్కు ఉందా లేదా చూడడానికి ప్లగ్గు వైరును బాడీకి దూరంగా పట్టి మంట చూసే పాత అలవాటు మాత్రం మానండి. బాగున్న ఈసీఎంను కాల్చేది అదే.

ఇక మార్చడం. పాన పట్టేముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకోవాలి. స్పార్కును పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ లోపల షార్టయి ఈసీఎంలోని దాని ట్రాన్సిస్టరును కాల్చి ఉంటే, కాయిల్ మార్చకుండా పెట్టిన కొత్త ఈసీఎం కూడా అదే దారిన పోతుంది. కాయిళ్లతో పాటు ఇంజెక్టర్లను కూడా ఓమ్‌లలో కొలవండి; మామూలు పెట్రోలు బండ్ల ఇంజెక్టర్ సాధారణంగా 11 నుంచి 17 ఓమ్‌ల మధ్య ఉండాలి. విప్పి బిగించే పని నిజానికి అరగంటది. బ్యాటరీ మైనస్ టెర్మినల్‌ను 10 నంబరు పానతో తీసి పది నిమిషాలు ఆగి, బాడీ ఇనుమును ఒకసారి తాకి ఒంటిలోని స్టాటిక్ వదిలించుకుని, కప్లర్ లాకు ఎత్తి లాగాలి. పిన్నులను వేలితో తాకకూడదు. వంగిన పిన్ను, పచ్చటి చిలుము ఉన్నాయేమో చూసి మరీ బిగించాలి.

అసలు చిక్కు పానతో తీరనిది. తాళంచెవిలోని చిప్పునూ ఈసీఎంనూ ఇమ్మొబిలైజర్ అనే దొంగతనం నిరోధక ఏర్పాటు జతకట్టి ఉంచుతుంది కనుక, వేరే బండిలోది తెచ్చి పెడితే సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు. కొత్తదైతే షోరూమ్ స్కానర్‌తో ప్రోగ్రాం చేయించాలి. పాత సామాన్ల దుకాణంలోదైతే లేబుల్ మీది నంబరు చివరి అక్షరం వరకూ కలవాలి, ఆ పైన మీ పాత ఈసీఎంలోని సమాచారాన్ని అందులోకి దింపించాలి. మీ కారు వయసుకు నేనైతే మూడో దారి పడతాను: టంకం పని తెలిసిన ఈసీఎం రిపేరు మనిషి చేత పాతదాన్నే బాగుచేయించుకుంటే, ఇమ్మొబిలైజర్ జోలికే పోనక్కరలేదు. ఇమ్మొబిలైజర్‌ను పూర్తిగా తీసేస్తామనే వారిని నమ్మకండి. బండి ఎవరైనా ఎత్తుకుపోవడానికి తలుపు తెరిచినట్టే.

ప్రశ్న: 2023 జూలై వరదల్లో మా కారు సీట్ల వరకు మునిగింది. అప్పుడు బాగుచేయించినా ప్రతి వానాకాలం చెక్ ఇంజన్ దీపం వెలిగి, చలికాలం రాగానే ఆరిపోతున్నది. ఈసీఎం మార్చాలా?
— ఒక పాఠకురాలు, నయీంనగర్, హన్మకొండ

జవాబు: ఇప్పుడే వద్దు. తేమతో వచ్చి ఎండతో పోయే జబ్బు ఎక్కువగా కప్లర్లది. మీ బండిలో ఈసీఎం ముందు సీటులో కూర్చునేవారి కాళ్ల దగ్గర ఉంటే అది కూడా మునిగే ఉంటుంది. బ్యాటరీ తీయించి, ఈసీఎం కప్లర్లను ఊడదీయించి, చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగించి, పూర్తిగా ఆరాకే బిగించమనండి. కార్పెట్టు కింది వైర్ల జాయింట్లు కూడా చూడాలి, ఎందుకంటే వైరు తొడుగు లోపల నీరు మూరల కొద్దీ పాకుతుంది. ఈసీఎం డబ్బా విప్పితే లోపలి బోర్డు మీద తెల్లటి మరకలు కనిపిస్తే అప్పుడు రిపేరు మాట ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా గూడ్సు బండి డాలాకు వెల్డింగ్ చేయించాక ఇంజను స్టార్టు కావడం లేదు. ఈసీఎం కాలిందా?
— ఒక రైతు, పరకాల

జవాబు: కాలి ఉండవచ్చు, కానీ ముందు ఫ్యూజులు, పెద్ద ఫ్యూజు లింకులు, ఎర్తు వైర్లు చూపించండి. వెల్డింగ్ కరెంటు ఎర్తు వెతుక్కుంటూ పోయే దారిలో అవే ముందు కాలుతాయి. ఇకమీదట వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ, ఈసీఎం కప్లర్లూ తీయించి, వెల్డింగ్ ఎర్తు పట్టీని అతుకు వేసే చోటికి జానెడు దూరంలోనే తగిలించమనండి.