గాల్వెస్టన్‌లో చలికాలం చేపలు పడతాయా? తేదీ చూసి కాదు, గాలి చూసి బయల్దేరండి

మీరు హ్యూస్టన్‌లో ఉంటున్నారు, డిసెంబరు మూడో వారంలో మీ నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వస్తున్నారు, ఆయనకు గాలం అంటే ప్రాణం. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ వైపు ఉప్పునీటి చేపలు ఆ చలిలో పడతాయా, ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగారు.

పడతాయండీ. నేను చాలా ఏళ్లుగా ఆ తీరంలో గాలం వేస్తున్నాను. ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండే కాలమే. ఎండ దెబ్బ ఉండదు, పియర్ల (నీళ్లలోకి కట్టిన వంతెనల) మీద జనం తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి. కానీ శనివారం ఖాళీ ఉంది కదా అని బయల్దేరితే కుదరదు. ఇక్కడ చలికాలమంతా నడిపేది ఉత్తరం గాలి.

నవంబరు చివరి నుంచి మార్చి వరకూ ఐదారు రోజులకో, వారానికో ఒక కోల్డ్ ఫ్రంట్ (ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి) దిగుతుంది. అది రావడానికి ముందు ఒకటి రెండు రోజులు దక్షిణం గాలి వీస్తుంది. గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) నీళ్లు బే (తీరం లోపలి ఉప్పునీటి అఖాతం) లోపలికి తోసుకొస్తాయి, మబ్బు పడుతుంది, కాస్త ఉక్కగా కూడా ఉంటుంది, గాలి పీడనం తగ్గుతూ వస్తుంది. ఆ సమయంలో చేప బాగా మేత మీద ఉంటుంది. తర్వాత గాలి ఒక్కసారిగా ఉత్తరానికి తిరుగుతుంది. మధ్యాహ్నం 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నది రాత్రికి 40ల్లోకి పడిపోవచ్చు. గాల్వెస్టన్ బే విశాలమే గానీ, ఓడల కాలువ వదిలేస్తే సగటు లోతు పదడుగుల లోపే. పళ్లెంలో పోసిన చారులా ఇట్టే చల్లారిపోతుంది.

చల్లారడం ఒక్కటే కాదు, నీళ్లు కూడా తగ్గిపోతాయి. ఇక్కడ ఆటుపోట్ల తేడా మామూలుగా ఒకటిన్నర, రెండు అడుగులే, మన కాకినాడ, విశాఖ తీరం కంటే తక్కువ. అందుకే గాలి మాట చెల్లుతుంది. గట్టి ఉత్తరం గాలి బే నీళ్లను బొలివర్ రోడ్స్, శాన్ లూయిస్ పాస్ అనే ముఖద్వారాల గుండా గల్ఫ్‌లోకి నెట్టేస్తే, టైడ్ టేబుల్‌లో (ఆటుపోట్ల పట్టికలో) రాసిన దానికన్నా ఇంకో అడుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మట్టం దిగిపోతుంది. కాబట్టి టేబుల్ ఒక్కటే నమ్మొద్దు. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా (NOAA) వాళ్ల టైడ్స్ సైట్‌లో గాల్వెస్టన్ పియర్ 21 పేజీ తెరవండి. ముందే లెక్కగట్టిన మట్టం ఒక గీత, ఇప్పుడు నిజంగా ఉన్న మట్టం ఇంకో గీత. రెండోది బాగా కిందికి ఉందంటే ఒడ్డు పక్కన లోతు లేని చోట్ల చేప ఉండదు. ఓడల కాలువలోకి, పడవల రేవుల్లోకి, గుంటల్లోకి దిగి ఉంటుంది. మనకు అది మంచిదే, వెతకాల్సిన చోట్లు తగ్గిపోతాయి.

ఇక రోజు సంగతి. ఫ్రంట్ దిగే ముందు రోజు దొరికితే ఆఫీసుకి సెలవు పెట్టి అయినా వెళ్లండి. దిగిన మర్నాడు మాత్రం వద్దు. ఆకాశం నీలంగా మెరిసిపోతూ చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ చేప ఎర ముట్టదు. రెండో రోజో మూడో రోజో, గాలి నెమ్మదించి తూర్పుకో ఆగ్నేయానికో తిరుగుతున్నప్పుడు వెళ్లండి. అదీ మధ్యాహ్నం పూట. తెల్లవారుజామునే గాలం వేయాలని మీ నాన్నగారు పట్టుబట్టవచ్చు, మన వైపు అలవాటు అది. కానీ ఇక్కడ చలికాలంలో ఉదయం ఎనిమిదింటికి కన్నా మధ్యాహ్నం రెండు మూడింటికి చేప పట్టడం నేను చాలా ఎక్కువగా చూశాను. నల్ల బురద నేల ఉన్న చోట ఎండకి నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే చాలు, చిన్న చేపలు అక్కడికి చేరతాయి, వాటి వెనకే పెద్దవి వస్తాయి.

పెద్దాయనతో వెళ్తున్నారు కాబట్టి ముందు టెక్సస్ సిటీ డైక్ చూడండి. బేలోకి దాదాపు ఐదు మైళ్లు వెళ్లిన రాతి గట్టు, దాని మీద రోడ్డు. కారు పక్కనే ఆపుకుని గాలం వేయొచ్చు, చలేస్తే కార్లో కూర్చోవచ్చు. ఉత్తరం గాలి ఉన్న రోజు దక్షిణం వైపు కూర్చోండి. గాలి వీపుకి తగులుతుంది, విసిరింది దూరం పోతుంది, పైగా ఓడల కాలువ, అంటే లోతు, ఆ వైపే. పిల్లలుంటే పెలికన్ ఐలాండ్‌లోని సీవుల్ఫ్ పార్క్ కూడా బాగుంటుంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి కవాల్లా సబ్‌మెరీన్ అక్కడే ఉంది. జెట్టీల (సముద్రంలోకి కట్టిన రాతి గట్ల) దగ్గర చేప బాగా ఉంటుంది గానీ, నాచు పట్టిన ఆ గ్రానైట్ బండల మీదకి పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. శాన్ లూయిస్ పాస్‌లో ఏ కాలంలోనైనా నీళ్లలోకి దిగవద్దు. ఆ ప్రవాహంలో చాలామంది ప్రాణాలు పోయాయి. ఇది మాత్రం దయచేసి గుర్తు పెట్టుకోండి.

ఈ కాలంలో నాకు బాగా నచ్చేది షీప్స్‌హెడ్. ఒంటి మీద నల్ల చారలు, నోట్లో మనుషుల పళ్లలాంటి పళ్లు. స్తంభాలకీ రాళ్లకీ పట్టిన గవ్వలను కొరుక్కు తింటుంది. రాళ్లకు ఆనుకునే ఎర దింపాలి, దూరం విసరక్కర్లేదు. చిన్నదే అయినా గట్టి గాలం, దానికి తాజా రొయ్య ముక్క చాలు. ఫిడ్లర్ పీతలు దొరికితే ఇంకా మంచిది. చాలా మెల్లగా ఎర కాజేస్తుంది, దారం వేలికి ఆనించి పట్టుకుంటే గానీ తెలియదు. కాలవల్లో గాలం వేసిన చేతికి ఈ పని త్వరగా వచ్చేస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో గుడ్లు పెట్టే కాలం, అప్పుడు జెట్టీల దగ్గర గుంపులుగా ఉంటాయి.

బ్లాక్ డ్రమ్ కూడా ఇప్పుడు బాగానే పడుతుంది. చిన్నవి పులుసుకి చాలా బాగుంటాయి. ఫిబ్రవరి నుంచి వచ్చే భారీ చేపల కండ ముతక, వాటిని దాదాపు అన్నిటినీ ఎలాగూ వదిలేయాల్సిందే. రెడ్‌ఫిష్ చలికి బాగా ఓర్చుకుంటుంది. ఫ్లౌండర్ (అడుగున పడి ఉండే బల్లపరుపు చేప) పట్టడం నవంబరు 1 నుంచి డిసెంబరు 14 వరకు నిషేధం. మీ నాన్నగారు వచ్చేసరికి గడువు ముగుస్తుంది గానీ, అప్పటికి చాలా వరకు గల్ఫ్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి. జెల్ల జాతి చేపలు పడితే ముళ్లు జాగ్రత్త, వాటిలో విషం ఉంటుంది. గాల్వెస్టన్ బేలో వీటి విషయంలో డయాక్సిన్లు, పీసీబీలు అనే విష రసాయనాల కారణంగా రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది, ఇంట్లో పిల్లలుంటే అసలు వండకండి.

కొలతల విషయంలో పట్టుదలగా ఉండండి. షీప్స్‌హెడ్ 15 అంగుళాలు దాటాలి, రోజుకి ఐదు. బ్లాక్ డ్రమ్ 14 నుంచి 30 అంగుళాలు, అవీ ఐదే. రెడ్‌ఫిష్ 20 నుంచి 28, మూడు. స్పెకిల్డ్ ట్రౌట్‌కి 2024 నుంచి 15–20 అంగుళాల మధ్యవి మూడు మాత్రమే. ఇంత గట్టి నియమాలు ఎందుకని కొంతమంది విసుక్కుంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్ తీరమంతా కలిపి కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయి, 61 రకాలవి. దక్షిణాన లగునా మాద్రే అనే ఉప్పునీటి సరస్సులో ట్రౌట్ బాగా దెబ్బతింది. 1983లో, 1989లో కూడా ఇలాగే జరిగింది. అలాంటి గడ్డకట్టే చలి వచ్చినప్పుడు మిగిలిన చేపలన్నీ లోతైన గుంటల్లో కదల్లేక పడి ఉంటాయి, ఎవరైనా సులువుగా పట్టేయొచ్చు. అందుకే ఆ రోజుల్లో కొన్ని గుంటల్లో చేపలు పట్టడాన్ని రాష్ట్రం ఆపేస్తుంది. ఆ ప్రకటన వస్తే గాలం బయటకు తీయకండి.

లైసెన్స్ 17 ఏళ్లు నిండిన అందరికీ కావాలి, దానితో ఉప్పునీటి అనుమతి కూడా. మీ నాన్నగారికి బయటివాళ్లకిచ్చే ఒక్క రోజు లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అదీ వద్దనుకుంటే గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్‌కి వెళ్లండి. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, ప్రవేశ రుసుము కడితే చాలు. కొలతలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. నియమాలు ఏటా సెప్టెంబరు 1న మారుతుంటాయి, వెళ్లే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్ చూసుకోండి. దక్షిణం గాలి రోజుల్లో పొగమంచు దట్టంగా కమ్ముతుంది, తిరుగు ప్రయాణానికి టైమ్ ఎక్కువ ఉంచుకోండి.

ఆయన వచ్చాక మొదటి ఫ్రంట్ ఎప్పుడు దిగుతోందో చూసి నాకు రాయండి. ఆ రోజు గాలి, నీటి మట్టం చూసి డైక్ మీద ఎంత దూరంలో, ఏ వైపు కూర్చోవాలో చెబుతాను.