టెక్ సందేహాలు: నెస్ట్ చేశాక జూమ్ మసకబారుతోంది, ఎందుకు?

ఈసారి వీడియో ఎడిటింగ్ మీద వచ్చిన ప్రశ్నల్లో మూడు నెస్టెడ్ సీక్వెన్సుల గురించే, అంటే కొన్ని క్లిప్పుల్ని కలిపి ఒకే క్లిప్‌లా (నెస్ట్‌గా) చేసుకున్నవి. మూడింటికీ ముడి ఒకచోటే పడింది కాబట్టి కలిపి విప్పుతున్నాను.

ప్రశ్న: నా క్లిప్పులన్నీ 4కెలో తీసినవి, టైమ్‌లైన్ (క్లిప్పుల్ని వరుసగా పేర్చే చోటు) మాత్రం 1080. ప్రీమియర్ ప్రో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో విడి క్లిప్‌ను జూమ్ చేస్తే బొమ్మ శుభ్రంగా ఉండేది. ఐదారు క్లిప్పుల్ని నెస్ట్ చేసి, ఆ నెస్ట్‌ను 200 శాతానికి పెంచితే మసకగా వస్తోంది. పైగా పక్క క్లిప్‌తో డిజాల్వ్ (ఒక బొమ్మ మెల్లగా ఇంకోదానిలో కలిసిపోయే మార్పు) వేయబోతే మీడియా చాలదంటోంది. ఫైళ్లు పాడయ్యాయా?

జవాబు: ఫైళ్లకేమీ కాలేదు, టెన్షన్ పడకండి. నెస్ట్ అంటే కట్టేసిన మూట. లోపల ఏ క్లిప్పులున్నాయో బయటి టైమ్‌లైన్‌కు పట్టదు. లోపలి సీక్వెన్స్ తయారుచేసి ఇచ్చిన బొమ్మనే అది వాడుకుంటుంది. మీరు నెస్ట్ చేసినప్పుడు ఆ కొత్త సీక్వెన్స్ బయటి టైమ్‌లైన్ సెట్టింగులనే తీసుకుంది, అంటే 1920×1080. మీ 3840×2160 బొమ్మ అందులో సగానికి కుదించుకుని బయటికొస్తోంది. ఇదివరకు విడి క్లిప్ స్కేల్‌ను 50 నుంచి 100కి పెంచినా అసలు పిక్సెళ్లే కనిపించేవి. ఇప్పుడు 960×540 ముక్కను ఫ్రేమంతా సాగదీస్తున్నారు. మసకబారక ఏం చేస్తుంది?

తేలిక దారి, నెస్ట్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిచి, జూమ్ లోపలి క్లిప్ మీదే చేయడం. మొత్తం మూటకు కలిపి జూమ్ కావాలంటే నెస్ట్ సీక్వెన్స్ సెట్టింగుల్లో ఫ్రేమ్ సైజును 3840×2160 చేయండి. లోపలి క్లిప్పుల స్కేల్ 100, బయట నెస్ట్ స్కేల్ 50 పెట్టుకుంటే మళ్లీ పాత స్వేచ్ఛ వచ్చేస్తుంది. సెట్టింగులు మార్చేటప్పుడు ప్రివ్యూ ఫైళ్లు పోతాయని హెచ్చరిక వస్తుంది, భయపడాల్సిన పనేం లేదు. మళ్లీ రెండర్ చేసుకోవచ్చు.

డిజాల్వ్ గొడవకూ కారణం ఈ మూటే. మీరు కత్తిరించి వదిలేసిన అదనపు ఫుటేజ్, ఎడిటర్లు హ్యాండిల్స్ అనేది, నెస్ట్‌లోకి రాదు. టైమ్‌లైన్‌లో కనిపించినంత మేరకే మూటలో పడుతుంది. కట్‌కు అటూ ఇటూ సమానంగా పడే 1 సెకను డిజాల్వ్‌కు రెండు వైపులా అర సెకను చొప్పున మిగులు కావాలి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ చివరి ఫ్రేమునే తిప్పితిప్పి చూపిస్తుంది. నెస్ట్ చివర డిజాల్వ్ కావాలంటే, లోపలికి వెళ్లి ఆఖరి క్లిప్ అంచును కొంచెం బయటికి లాగితే చాలు. మొదట్లో కావాలంటే పని రెండింతలు: లోపలి క్లిప్పులన్నిటినీ 1 సెకను కుడికి జరపాలి, మొదటి క్లిప్ అంచును ఎడమకు లాగాలి, బయటికొచ్చి స్లిప్ టూల్‌తో (క్లిప్ చోటు, నిడివి మారకుండా లోపలి భాగాన్ని జరిపేది) నెస్ట్‌ను అంతే దూరం సర్దాలి. ఇంత తంటా ఎందుకని నేను డిజాల్వ్‌లాంటి ట్రాన్సిషన్లు వేశాకే నెస్ట్ చేస్తాను.

ప్రశ్న: టైటిల్ నెస్ట్‌ను మూడు చోట్ల కాపీ చేశాను. ఒకచోట పేరు మారిస్తే మూడింటిలోనూ మారిపోయింది.

జవాబు: మూడు కాపీలూ ఒకే సీక్వెన్స్‌ను చూపిస్తున్నాయి కాబట్టి. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఆ సీక్వెన్స్‌ను డూప్లికేట్ చేసి, పేరు మార్చి, దాన్ని ఆల్ట్ (మ్యాక్‌లో ఆప్షన్) నొక్కి పట్టుకుని టైమ్‌లైన్‌లోని క్లిప్ మీదికి లాగి వదలండి. స్కేల్, ఎఫెక్టులు అలాగే ఉండి లోపలి సరుకు మాత్రం వేరవుతుంది. ఫైనల్ కట్ ప్రో అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాంపౌండ్ క్లిప్పులకూ (అక్కడి నెస్ట్‌లు) ఇదే తంతు. అక్కడ క్లిప్ మెనూలోని ‘రెఫరెన్స్ న్యూ పేరెంట్ క్లిప్’ ఆ పని చేస్తుంది. పేర్లు మాత్రం శ్రద్ధగా పెట్టండి. ‘నెస్టెడ్ సీక్వెన్స్ 17’లో ఏముందో నెల తర్వాత గుర్తుండదు. నాకు రెండు రోజులకే గుర్తుండదు.

ప్రశ్న: సెకనుకు 60 ఫ్రేముల క్లిప్‌ను స్లో మోషన్ చేసి వార్ప్ స్టెబిలైజర్ (బొమ్మ వణుకు తగ్గించే ఎఫెక్ట్) వేస్తే, రెండూ ఒకే క్లిప్ మీద కుదరవంటోంది. నెస్ట్ చేసి నెస్ట్‌ను స్లో చేస్తే అదురుతోంది. మళ్లీ విడగొట్టడం ఎలా?

జవాబు: మొదటి ఆలోచన సరైనదే, వరుస తిరగబడింది. మీ టైమ్‌లైన్ 30 ఫ్రేములదైతే నెస్ట్ కూడా 30దే. మూట కట్టాక స్లో చేస్తే ఆ 30 ఫ్రేములే సాగుతాయి. కెమెరా తీసిన మిగతా సగం లోపలే ఉండిపోతుంది. స్పీడ్ 50 శాతానికి లోపలి క్లిప్ మీదే తగ్గించి, ఆ తర్వాత నెస్ట్ చేసి, స్టెబిలైజర్ నెస్ట్ మీద వేయండి.

విడగొట్టాలంటే టైమ్‌లైన్ ప్యానెల్ ఎడమవైపు పైనుండే నెస్ట్ బటన్‌ను ఆఫ్ చేసి, ప్రాజెక్ట్ ప్యానెల్‌లోంచి ఆ సీక్వెన్స్‌ను లాగితే క్లిప్పులు విడివిడిగా పడతాయి. ఇదే పనికి డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో ‘డీకంపోజ్ ఇన్ ప్లేస్’, ఫైనల్ కట్‌లో ‘బ్రేక్ అపార్ట్ క్లిప్ ఐటమ్స్’ ఉన్నాయి. ప్రీమియర్‌లో ఇలా లాగితే నెస్ట్ మీద బయట వేసిన ఎఫెక్టులు వెంట రావు, కాబట్టి పాత నెస్ట్‌ను తీసేయకుండా పై ట్రాక్‌లోకి జరిపి డిజేబుల్ చేసి ఉంచుకోండి.