వదులు సూట్ వద్దు బిడ్డా

హిల్ కాలనీ, నాగార్జునసాగర్
డిసెంబరు 2

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జనవరిలో నువ్వు ఈజిప్టు పోతున్నావట, ఎర్ర సముద్రంలో వారం రోజులు డైవింగ్ చేస్తావట. ఊరి పేరు సరిగా పలకలేకపోయింది గానీ దహబ్ అని నాకు వెంటనే తెలిసిపోయింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత సముద్రం అడుగు చూస్తున్న ఆడపిల్లవు నువ్వే. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక లేచి వాకిట్లో కూర్చున్నాను. అప్పుడు మీ అమ్మ చివరన అన్న మాట గుర్తొచ్చింది. "డైవింగ్ సూట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది వదినా, ఒక సైజు పెద్దదే తీసుకోమన్నా, ఫ్రీగా ఉంటది" అంది. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యి.

నువ్వు నేర్చుకున్నది అండమాన్‌లో. అక్కడి నీళ్ళు 28, 29 డిగ్రీలు. వాళ్ళిచ్చిన 3 మిల్లీమీటర్ల మందం సూట్ వదులుగా ఉన్నా నీకు తెలిసి ఉండదు. జనవరిలో దహబ్ నీళ్ళు 21, 22 డిగ్రీలు. ఇంట్లో ఏసీ 22లో పెట్టుకుంటే దుప్పటి కప్పుకుని పడుకుంటాం, అంతే. నీళ్ళలో అట్లా కాదు. గాలి కన్నా నీళ్ళు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా గుంజేస్తాయి.

వెట్‌సూట్, అంటే ఈ రబ్బరు డైవింగ్ సూట్, వేసుకుంటే నీళ్ళు లోపలికి రావనుకుంటారు. వస్తాయి. ఒంటికీ సూట్‌కూ మధ్య పలుచని పొరలా చేరతాయి, వాటిని నీ ఒళ్ళే వెచ్చబెడుతుంది. ఆ పొర కదలకుండా ఉన్నంతసేపే నీకు వెచ్చదనం. బయటి చలిని ఆపేది నియోప్రీన్ రబ్బరులో ఇరుక్కుని ఉన్న సన్నని గ్యాస్ బుడగలు. మన పాలమూరు గొంగడి వానకు తడిసినా వెచ్చగానే ఉంటుంది కదా, ఉన్నిలో చిక్కుకున్న గాలి వల్ల. అయితే గొంగడిని ఎంత వదులుగానైనా కప్పుకోవచ్చు. సూట్ మాత్రం చర్మాన్ని పట్టుకుని ఉండాలి.

ఇది నాకు తెలియక కాదు నేను తప్పు చేసింది. తెలిసీ చేశాను.

1995 జనవరి. విశాఖలో ఉద్యోగం చేస్తున్న రోజులు. పగడపు దిబ్బల సర్వే నేర్చుకోవడానికి అదే దహబ్‌కు వెళ్ళాను. ఎనిమిది మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎడారి దేశం, చలేముంటుందిలే అనుకుని నా సూట్ తీసుకెళ్ళలేదు. అక్కడ అద్దెకు ఇచ్చేవాళ్ళ దగ్గర ఆడవాళ్ళ సూట్లు లేవు. మగవాళ్ళ మీడియం చేతిలో పెట్టారు, 5 మిల్లీమీటర్లది. భుజాల దగ్గర వెడల్పు. పిరుదుల దగ్గర బిగుతు. నడుము వెనకాల, వెన్ను లోపలికి వంగే చోట, నా పిడికిలి మొత్తం దూరేంత సందు. అద్దంలో చూసుకున్నాను. చూసి కూడా పర్వాలేదనుకున్నాను.

ఎందుకనుకున్నానో చెబుతాను. మీ నానమ్మ దసరాకు బట్టలు కుట్టిస్తే రెండించులు లోపలికి మడిచి కుట్టమనేది, "పిల్ల పెరుగుతది" అని. పెరగడం ఆగిపోయాక కూడా జాకెట్టు వదులు, లంగా వదులు. ఒంటికి అతుక్కుంటే మర్యాద కాదు. ఎనిమిది మంది మధ్య ఆ నల్ల రబ్బరు ఒంటిని పట్టినట్టు కనిపించకపోవడం నాకు లోలోపల నచ్చింది. ఇంకొకటి అడిగితే వీళ్ళందరికీ ఆలస్యమవుతుందని కూడా అనిపించింది.

మొదటి డైవ్‌లోనే తెలిసింది. కాళ్ళతో తన్నే ఒక్కో తన్నుకు నడుము వెనకున్న ఆ సందు కొలిమి తిత్తిలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడల్లా మెడ దగ్గర నుంచి చన్నీళ్ళు వెన్నెముక పొడుగునా దిగి నడుము దగ్గర నిలుస్తాయి. ఒళ్ళు వాటిని వెచ్చబెట్టేలోపు బయటికి పోయి మళ్ళీ కొత్తవి వస్తాయి. పైకొస్తే ఉత్తరపు గాలి. రెండో డైవ్‌కు దిగేటప్పటికే ఒళ్ళు చల్లబడి ఉంది. మూడో డైవ్‌లో, తిరిగి వస్తూ, ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి 5 మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా, అక్కడ దవడలు ఎంత కొట్టుకున్నాయంటే గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో నిలవలేదు. చేత్తో అదిమి పట్టుకున్నాను. ఆ చేతికి కూడా స్పర్శ లేదు. ఒడ్డుకు వచ్చాక, మునగడానికి కట్టుకునే బరువుల బెల్టు బకిల్ విప్పుకోలేకపోయాను. నాతో దిగినతను విప్పాడు. అక్కడ టీ కాచే ఒక ముసలమ్మ నా చేతుల్ని తన చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, గ్లాసు పట్టుకోగలిగేదాకా.

నీళ్ళలో ఆ బకిల్ విప్పాల్సిన అవసరం వచ్చి ఉంటే? ముప్పై ఏళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అడుగున ఉన్నప్పుడు వెచ్చగా ఉండి పైకొచ్చేటప్పుడు చలిపడితే ఆ నైట్రోజన్ సరిగా బయటికి పోదని, అది ప్రమాదమని కూడా నాకు అప్పటికే తెలుసు. అయినా "చలేస్తోంది, నేను ఎక్కేస్తాను" అని ఒక్క సైగ చేయలేదు. నువ్వు చెయ్యి. వణుకు మొదలవకముందే చెయ్యి. ఎవరి ట్రిప్ పాడైనా సరే.

ఇక సూట్. షాపుకు వెళ్ళి వేసుకుని చూసే కొనాలి. ఆడవాళ్ళ కొలతలకు కుట్టినదే అడుగు, 5 మిల్లీమీటర్ల ఫుల్ సూట్. దాని లోపలికి హుడ్, అంటే తలను కప్పే టోపీ ఉన్న వెస్ట్ (చేతుల్లేని లోచొక్కా) తీసుకో. మీ నాయినలాగా నీకూ చలి ఎక్కువ, రోజుకు మూడుసార్లు దిగేటట్టయితే 7 తీసుకున్నా తప్పు లేదు. పాదానికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటే సులువుగా జారుతుంది. గోళ్ళతో లాగొద్దు, చిరుగుతుంది. వేళ్ళ మెత్తని భాగంతో కొంచెం కొంచెం పైకి జరుపుకో. తొడల మధ్య ఖాళీ ఉందంటే కింద ఇంకా సరిగా ఎక్కలేదని అర్థం.

జిప్ పెట్టాక గొంతుక్కూర్చో, లే. చేతులు రెండూ పైకెత్తు. చంకల దగ్గర సంచిలా వేలాడకూడదు. ఛాతీ నిండా గాలి పీల్చు, ఎక్కడా పట్టేయకూడదు. మెడ దగ్గర మరీ బిగుతుంటే అక్కడి నరాలు నొక్కుకుని గుండె నెమ్మదించి కళ్ళు తిరుగుతాయి, ఆ సూట్ వద్దు. చివరగా ముందుకు కొంచెం వంగి, పక్కనున్నవాళ్ళను నడుము వెనక చెయ్యి పెట్టి గిల్లి చూడమను. రబ్బరు మాత్రమే చేతికి దొరికితే ఆ సూట్ నీది కాదు. పొట్టి, పొడుగు సైజులు వేరేగా ఉంటాయి, అవీ చూడు. ఏదీ కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకో. జాకెట్టు కుట్టించుకోవట్లేదా? డబ్బు చాలకపోతే నేనిస్తాను, మీ నాయినకు చెప్పనక్కర్లేదు.

కుట్లు చూడు. ముక్కల్ని అతికించి, సూది రబ్బరులోంచి ఇవతలికి దిగకుండా కుట్టినవి కావాలి. దిగిందంటే ప్రతి చిల్లూ నీళ్ళకు దారే. పాత సూట్ ఎవరిచ్చినా తీసుకోకు, రబ్బరు గట్టిపడి బుడగలు చచ్చిపోయి ఉంటాయి.

ఇంకొకటి. పెద్దవూర దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ బావిలో నడుముకు బెండ్లు కట్టి నాకు ఈత నేర్పారు. మునగమన్నా మునిగేదాన్ని కాదు. మందం సూట్ కూడా అంతే, అది నిన్ను పైకి లేపుతుంది. అండమాన్‌లో పెట్టుకున్న బరువులు సరిపోవు, మొదటి రోజే సరిచూసుకో. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, బుడగలు నలిగి సూట్ పలుచబడుతుంది. లోతుకు పోయేకొద్దీ తేలే గుణమూ తగ్గుతుంది, వెచ్చదనమూ తగ్గుతుంది. అందుకే ఒడ్డున కొంచెం ఉక్కగా అనిపించినా విప్పకు.

జడ కిందికి అల్లుకో, హుడ్ అంచులో వెంట్రుకలు ఇరుక్కుంటే నీళ్ళు వస్తాయి. ఉంగరాలు తీసెయ్. నెలసరి వస్తుందని డైవ్ మానొద్దు, సొరచేపలు వస్తాయన్నది ఒట్టి మాట. డైవ్‌కూ డైవ్‌కూ మధ్య గాలి ఆపే కోటు వేసుకుని వేడిగా ఏదైనా తాగు. సాయంత్రం సూట్‌ను మంచినీళ్ళలో ముంచి నీడలో ఆరేసుకో.

1967లో ఇక్కడ కాలువలకు నీళ్ళు వదిలిన రోజు మీ తాత నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. నీళ్ళను చూసి ఏడ్చానట. మీ నాయినను అడుగు, చెబుతాడు.

కొత్త సూట్ చేతికి రాగానే ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో సాగర్ బస్సు ఎక్కు. లేబుల్ చించకు, బిల్లు పారెయ్యకు. ఇక్కడ వేసుకుని చూపించు, నడుము వెనక నేను చెయ్యి పెట్టి చూస్తాను. మధ్యాహ్నానికి నీకిష్టమని చేపల పులుసు చేస్తాను, కానీ తినకముందే చూద్దాం.

మీ అత్తమ్మ