అప్‌గ్రేడ్ తర్వాత మైకు మూగబోయింది

ప్రశ్న: ఇంట్లోనే హరికథలు రికార్డు చేసుకుంటాను. కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాక బ్రౌజర్, వర్డ్ బాగానే ఉన్నాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది కానీ గొంతు ఎక్కడం లేదు. అందులో అదనంగా తగిలించుకున్న రెండు పాత ప్లగిన్లు మాయం. ఆడియోకే ఎందుకీ తంటా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏ కంప్యూటరో రాయలేదమ్మా. మ్యాక్ అనుకుని చెబుతాను.

ఎర్రర్ రాకుండా గొంతు ఎక్కడం లేదంటే నా మొదటి అనుమానం పర్మిషన్ మీదే. 2018లో వచ్చిన మొజావే అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఏ యాప్ మైకు వాడాలన్నా మీరు ఒప్పుకోవాలి. లేకపోతే ట్రాక్ నడుస్తూనే ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి, మైక్రోఫోన్ కింద మీ సాఫ్ట్‌వేర్‌ను ఆన్ చేయండి. మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, విప్పి చూడడాలు ఆ తర్వాత.

ప్లగిన్లు పాతతరం 32 బిట్ కాలం నాటివైతే ఆశ వదులుకోండి. 2019లో కాటలినా అనే వెర్షన్‌తో మ్యాక్ వాటిని పూర్తిగా ఆపేసింది. 64 బిట్ వెర్షన్ ఉంటే తెచ్చుకోవడమే.

ఇక ఆడియోకే ఎందుకంటే, దానికి ఆగే తీరిక లేదు. వర్డ్‌లో అక్షరం కాస్త ఆలస్యంగా పడితే మీరు గమనించరు. సెకనుకు 48,000 శాంపిళ్లతో, అంటే ధ్వని కొలతలతో, 128 శాంపిళ్ల ముక్కలుగా (దీన్నే బఫర్ అంటారు) రికార్డు చేస్తుంటే, ఒక్కో ముక్క పని దాదాపు 2.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. దాటితే తాళం తప్పిన మృదంగంలా వెంటనే బయటపడుతుంది. ఆ వేగం కోసమే చాలా ఇంటర్‌ఫేస్‌ల డ్రైవర్లు, అంటే వాటిని నడిపే సాఫ్ట్‌వేర్లు, సిస్టమ్ గుండెకాయలోకే చొరబడేవి. భద్రత పేరుతో కంపెనీలు ఇప్పుడు ఆ దారులు మూస్తున్నాయి. యాపిల్ సొంత ఎం1, ఆపై చిప్‌లున్న మ్యాక్‌లలో అలాంటి డ్రైవర్ వేయాలంటే మామూలుగా కాక రికవరీ మోడ్‌లో కంప్యూటర్ తెరిచి సెక్యూరిటీ తగ్గించాలి. నాకైతే అది నచ్చదు, కొత్త డ్రైవర్ వచ్చేదాకా ఆగమంటాను.

పైగా మీ సాఫ్ట్‌వేర్ ఒక్కరిదైనా, అందులో తెరుచుకునే ప్లగిన్లు పదిమందివి. వాటికి లైసెన్స్ తాళాలు వేరే. ఆ పదిమందిలో ఒక్కరు అప్‌డేట్ ఇవ్వకపోయినా మీ ప్రాజెక్టు సగంలో ఆగిపోతుంది. ఆ కంపెనీ మూతబడి ఉంటే ఇక అడిగే దిక్కే ఉండదు.

పర్మిషన్ ఇచ్చినా సాఫ్ట్‌వేర్‌లో శబ్దం చూపే మీటర్ కదలకపోతే, ఇంటర్‌ఫేస్ తయారీదారు సైట్‌లో మీ సిస్టమ్ వెర్షన్‌కు డ్రైవర్ ఉందో లేదో చూడండి. లేదంటే, పాత బ్యాకప్ ఉంటే దానికే తిరిగి వెళ్లండి.