పాత సింథ్‌లు కొనబోతున్న మా అల్లుడికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ముప్పైకి పైగా పాత సింథ్‌లను (సింథసైజర్‌లను) కంప్యూటర్‌లో పలికించే సాఫ్ట్‌వేర్‌లు ఒకే ప్యాక్‌లో సగం ధరకు ఇస్తున్నారు, తీసుకోనా అని నిన్న ఫోన్లో అడిగావు. ఇప్పుడే వద్దురా. రిహార్సల్ మధ్యలో ఉండి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాను గానీ, ఇది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. నీ డబ్బు కంటే నీ చేతి గురించే నాకు బెంగ. అన్ని వాద్యాలూ ఒక్కసారి వచ్చి మీద పడితే ఏ ఒక్కదాని మీదా చెయ్యి నిలవదు. టోన్లు మార్చుకుంటూ కూర్చోవడంతోనే రాత్రి తెల్లారిపోతుంది.

ముందు నీకున్న పనేమిటో చూడు. ఆదివారం చర్చిలో క్వయర్‌కి వాయిస్తావు. ముహూర్తాలున్నప్పుడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి వెళ్తావు. మిగతా రాత్రిళ్లు బ్రాడీపేట గదిలో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో తెరిచి షార్ట్ ఫిల్ములకు బీజీఎం కడతావు. వీటన్నిటికీ కలిపి నీకు కావాల్సింది మూడు రకాల శబ్దాలు: పాట వెనకాల పరుచుకునే ప్యాడ్, ఎలక్ట్రిక్ పియానో, రాగం పలికే ఒక లీడ్. లీడ్‌ను రెండు ఆక్టేవులు (స్థాయిలు) కిందకి దించితే బేస్ కూడా అదే. ప్యాడ్‌కి జూనో, పియానోకి డీఎక్స్7, లీడ్‌కి మినీమూగ్, మూడూ పాత సింథ్‌లే. ఈ మూడూ నీ చేతికి వచ్చేదాకా నాలుగోదాని ఊసు ఎత్తకు.

మూడుతో ఏమవుతుంది అనుకుంటావేమో. ముంబయి సినిమా రికార్డింగుల్లో గిటార్ వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఒక రికార్డు చేశాడు. అందులో పలికింది రోలాండ్ కంపెనీ వాళ్ల జూపిటర్-8 సింథ్, టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మెషీన్. టీబీ-303 అసలు బేస్ తోడు కోసం తయారైన చిన్న పెట్టె. కానీ అందులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ ఉంది, రాగానికి కావాల్సిందీ అదే. ఆ రికార్డును అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక మాత్రం ఎక్కడెక్కడివాళ్లో వెతికి వెతికి విన్నారు.

నువ్వు డీఎక్స్7తో మొదలుపెట్టు, దానికి పైసా ఖర్చు లేదు. దానిలాగే పలికే డెక్సెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అసలు డీఎక్స్7 అయితే 1983లో అమెరికాలో 1,995 డాలర్లు పెట్టి కొన్న వాద్యం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతికి (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి శబ్దం పుట్టించడం) యమహా లైసెన్సు తీసుకుని తయారుచేసింది. తరంగాలు పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలపడానికి 32 అల్గారిథమ్‌లు, ఒకేసారి 16 స్వరాలు. అప్పటి ప్యాచ్‌లు, అంటే కట్టిపెట్టిన టోన్లు, 32 చొప్పున కట్టిన ఫైళ్లుగా ఉంటాయి, డెక్సెడ్ వాటిని నేరుగా తెరుస్తుంది. అలాంటివి వేలల్లో దొరుకుతాయి, దించుకోకు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి 32 నీకు చాలాకాలం సరిపోతాయి.

వాటిలో పదకొండోది ఇ.పియానో 1. ఎనభైల చివర్లో వచ్చిన మెలొడీలు విన్న ఎవరికైనా మొదటి కార్డ్‌కే (కలిపి నొక్కిన స్వరాలకే) అది గుర్తుకొస్తుంది. తెరిచి కాసేపు వాయించు. తర్వాత రెండో ఆపరేటర్ స్విచ్ ఒక్కటి ఆపేసి అదే కార్డ్ మళ్లీ వాయించు. మొదట్లో తగిలే ఆ ‘టింగ్’ పోతుంది. ఆ ప్యాచ్‌లో ఉన్నది అయిదో అల్గారిథమ్, అంటే రెండేసి ఆపరేటర్ల జతలు మూడు. ప్రతి జతలో ఒకటి పలుకుతుంది, రెండోది దాని రంగు మారుస్తుంది. నువ్వు ఆపినది 14 రెట్ల ఫ్రీక్వెన్సీలో ఉంది, అందుకే ఆ గంట మోత. మళ్లీ ఆన్ చేసి 14ని 7 చెయ్యి, 3 చెయ్యి, ఒక్కోసారీ విను. తర్వాత దాని లెవెల్ కొంచెం కొంచెంగా తగ్గించు. క్వయర్‌లో పెద్దవాళ్లు పాడే నెమ్మది పాటకు ఆ టింగ్ సగానికి తగ్గితేనే గొంతులు పైకి వస్తాయి. రంగు మార్చే ఆపరేటర్‌కి వెలాసిటీ, అంటే కీ కొట్టే బలం, ఎంత తగలాలో కూడా అక్కడే పెట్టుకోవచ్చు. మెల్లగా నొక్కితే మెత్తగా, గట్టిగా కొడితే మెరుస్తూ పలకడం అక్కడి నుంచే వస్తుంది. డెక్సెడ్‌లో ఇంజిన్ ఎంచుకునే చోట ‘మార్క్ 1’ అని ఉంటుంది, అది పాత పెట్టె పలుకుకు దగ్గర. మిగతావాటితో పోల్చి విని చూడు.

జూనో దగ్గర ఇంత శ్రమ అక్కర్లేదు. 1984లో వచ్చిన జూనో-106లో ఒక్కో స్వరానికి శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒకటే, మొత్తం ఆరు స్వరాలు. అంత తక్కువ సరంజామాతో అంత నిండుగా పలకడానికి కారణం దాని కోరస్, ఒక్క శబ్దాన్ని చాలా గొంతుల్లా పరిచేది. ఒకటి, రెండు అని రెండే రకాలు. ఒకటో రకం నొక్కి, శబ్దంలో పదును తగ్గించే ఫిల్టర్ సగానికి మూసి, అటాక్ (శబ్దం పైకి లేవడానికి పట్టే సమయం) కొంచెం పెంచితే నీ ప్యాడ్ తయారు. రెండు విషయాలు మాత్రం మనసులో పెట్టుకో. అసలు వాద్యానికి వెలాసిటీ లేదు, ఎంత గట్టిగా కొట్టినా ఒకేలా పలుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా వెలాసిటీ కలిపి ఉంటే ప్యాడ్‌కి అది తీసెయ్. రెండోది, స్వరాలు ఆరుకి మించి పెంచుకునే వీలు చాలావాటిలో ఉంటుంది. పెంచకు. రెండు చేతులతో పది వేళ్లూ పరిచి కార్డ్‌లు పట్టే అలవాటు మన ఆర్కెస్ట్రాలో అందరికీ ఉంది, దాంతో గాయకుడి గొంతు కింద బురదలా తయారవుతుంది. ఆరు స్వరాల్లోనే సర్దుకోవాల్సి వస్తే ఏ స్వరం వదిలెయ్యాలో చేతికే తెలుస్తుంది. పాత వాద్యాల పలుకులో సగం వాటి పరిమితుల నుంచే వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాటిని ఎత్తేస్తే ఊరుకోకు, తిరిగి పెట్టుకో.

ఇక మినీమూగ్. నాకు ప్రాణం అది. 1970లో వచ్చింది, మూడు ఆసిలేటర్లు, ఒకసారికి ఒకే స్వరం. మన సంగీతానికి ఇంతకంటే దగ్గరి సింథ్ లేదని నేను నమ్ముతాను, ఎందుకంటే మన రాగానికి కార్డ్ అక్కర్లేదు, ఒక్క స్వరం ఎలా కదులుతుందన్నదే కావాలి.

ఇలా చెయ్యి. రెండు ఆసిలేటర్లు ఒకే శ్రుతిలో పెట్టి రెండోదాన్ని వెంట్రుకవాసి పక్కకి జరుపు. మూడోది ఆపేసెయ్. ఫిల్టర్ సగం తెరువు. స్వరాన్ని పైకీ కిందకీ వంచే పిచ్ బెండ్ పరిధి రెండు సెమీటోన్లు (అర స్వరాలు) ఉంటుంది సాధారణంగా, దాన్ని ఒకటి చెయ్యి. ఇప్పుడు కల్యాణిలో నిషాదం నొక్కి, బెండ్‌ను పూర్తిగా పైకి తోస్తే సరిగ్గా షడ్జం మీద ఆగుతుంది. పరిధి రెండు ఉన్నప్పుడు సగం దూరంలో ఆపాలి, వేగంగా వాయించేటప్పుడు చెయ్యి దాటిపోతుంది, శ్రుతి చెడుతుంది. ఒకటి పెట్టుకుంటే ఆ భయం ఉండదు, మనసంతా ఊపు మీదే పెట్టొచ్చు. పెద్ద జారులకు గ్లైడ్ ఉంది, కానీ అది ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే ప్రతి స్వరమూ జారి రాగం చప్పబడిపోతుంది. ఎడమ చేత్తో ఆన్, ఆఫ్ చేస్తూ వాయించడం నేర్చుకో.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. అసలు మినీమూగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. ఒక కీ వదలకుండా ఇంకో కీ నొక్కితే కొత్త అటాక్ రాదు. కాబట్టి చిటికెన వేలితో పై షడ్జం పట్టి ఉంచి, పక్క వేలితో నిషాదాన్ని తట్టి వదిలితే, ప్రతిసారీ కిందకి దిగి తిరిగి షడ్జానికి వచ్చేస్తుంది. కొత్తగా మీటిన చప్పుడే ఉండదు, ఊపిరి ఆపకుండా సన్నాయి ఊదినట్టే. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో నోట్ ప్రయారిటీ (ఏ స్వరం పలకాలన్నది) ఉంటే ‘లో’ పెట్టుకో, అది ‘లాస్ట్’లో ఉంటే కొత్త స్వరం పైదైనా కిందిదైనా అదే పలుకుతుంది. దీని మీద చెయ్యి తిరిగాక ప్రీసెట్‌ల (ముందే కట్టి ఇచ్చిన టోన్ల) జోలికి నువ్వే పోవు.

కొనేముందు పరీక్ష చెయ్యి. ప్రీసెట్ తెరవగానే ప్రతిధ్వని తెచ్చే రివర్బ్, డిలే, ఇంకా కోరస్ అన్నీ ఆపెయ్. జూనోకి మాత్రం కోరస్ ఉంచు, అది దాని ఒంట్లో భాగం. డెమోలో మనల్ని ముంచేది చాలాసార్లు ఆ రివర్బే. పొడిగా విన్నప్పుడు కూడా వాయించాలనిపిస్తే అది మంచి సాఫ్ట్‌వేర్. తర్వాత ఒక కీ పట్టుకుని ఫిల్టర్ కటాఫ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పు. మెట్లుమెట్లుగా వినిపించకూడదు. ఆ తర్వాత మినీమూగ్‌లో రెండు ఆసిలేటర్లు పెట్టి ఒకే కీ నాలుగైదుసార్లు కొట్టు. అసలు అనలాగ్ (విద్యుత్ సర్క్యూట్‌తోనే పలికే) సింథ్‌లో ఆసిలేటర్లు వాటి పాటికి అవి తిరుగుతుంటాయి కాబట్టి ప్రతి దెబ్బా వెంట్రుకంత తేడాగా ఉంటుంది. అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తే అది రికార్డు చేసిన శాంపిల్ కావచ్చు, తెర మీద ఫిల్టర్ బొమ్మ గీసినంత మాత్రాన అది సింథ్ అయిపోదు. చెర్రీ ఆడియో వాళ్లు 30 రోజులు ట్రయల్ ఇస్తారు, జూనో-106 తరహాది వాళ్ల దగ్గర ఉంది. రోలాండ్ తన పాత సింథ్‌లను తనే చందాకీ ఇస్తుంది, ఒక్కో సింథ్‌నూ శాశ్వతంగా కొనుక్కునే లైసెన్స్ కీ కూడా అమ్ముతుంది. నీకు నెలనెలా చందా వద్దు, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కూడా అది కడుతూనే ఉండాలి.

డాలర్ ధర చూసి లెక్క వెయ్యకు. కొన్ని కంపెనీలు చివర్లో 18 శాతం జీఎస్‌టీ కలుపుతాయి, బ్యాంకు తన మార్కప్ తీసుకుంటుంది. కార్డ్‌లో విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి, పని అయ్యాక ఆపెయ్. తొందరేమీ లేదు, ఈ తగ్గింపులు మళ్లీ మళ్లీ వస్తాయి, నవంబర్ చివర్లో అయితే చాలామంది ఇస్తారు. నువ్వెలాగూ కంప్యూటర్‌కి తగిలించే చిన్న మిడి కీబోర్డ్ కొంటానంటున్నావు కాబట్టి పెట్టెలో ఏ సాఫ్ట్‌వేర్ కోడ్ వస్తుందో ముందు చూడు. ఆర్టూరియా మినీల్యాబ్ 3తో అనలాగ్ ల్యాబ్ ఇంట్రో వస్తుంది, పాత సింథ్‌ల ప్రీసెట్‌లు అందులో కొన్ని ఉంటాయి, రుచి చూడటానికి సరిపోతుంది.

క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తామనేవాళ్లు గుంటూరులోనూ ఉంటారు, ఇక్కడ బెజవాడలోనూ ఉన్నారు. తీసుకోకు. వైరస్ సంగతి అటుంచు, ఆ వాద్యం గీసి గీసి తయారుచేసినవాడి కష్టం అది. డెక్సెడ్, సర్జ్ ఎక్స్‌టీ లాంటివి నిజాయితీగా ఉచితంగా దొరుకుతున్న రోజుల్లో దొంగ సరుకు అవసరం ఎవరికీ లేదు.

నీ ల్యాప్‌టాప్ గురించి కూడా చెప్పాలి. అనలాగ్ సర్క్యూట్‌ను నిజంగా లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌లు ప్రాసెసర్‌ను పిండేస్తాయి. యూ-హె కంపెనీ వాళ్ల దివా అనే సింథ్ అందుకు పేరు మోసింది. అందులో డ్రాఫ్ట్, ఫాస్ట్, గ్రేట్, డివైన్ అని నాలుగు స్థాయిలు. పాట కడుతున్నప్పుడు డ్రాఫ్ట్‌లో ఉంచి, చివర్లో రెండర్ చేసేటప్పుడు (ఆడియో ఫైలుగా తీసేటప్పుడు) పైకి పెంచుకుంటే సరిపోతుంది. మిగతావాటితో ట్రాక్ పూర్తవ్వగానే ఆడియోగా మార్చి పెట్టు. అలా చేస్తే రేపు విండోస్ మారినా, ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోయినా నీ పాట ఉంటుంది. వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు లెక్కకట్టే శబ్దం ముక్క) 128 పెట్టు, 44.1 కిలోహెర్ట్జ్‌లో ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. 512కి వెళ్తే దాదాపు 12 అవుతుంది, రిథమ్ ప్యాడ్ వాయించేవాడితో నీ చెయ్యి కలవదు. అసలు ఆలస్యం దీనికి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, అందుకే ల్యాప్‌టాప్‌కి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి ఉండాలి, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంతో స్టేజీ ఎక్కకు.

స్టేజీ మీదకి తీసుకెళ్లేముందు ఇంట్లో వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, ప్రతి సింథ్ తెరుచుకుంటోందో లేదో చూడు. లైసెన్స్ కోసం ఇంటర్నెట్ అడిగేవి కొన్ని ఉన్నాయి, కల్యాణ మండపంలో సిగ్నల్ ఉండదు. మే నెల మధ్యాహ్నం బయట సౌండ్ చెక్ అంటే ల్యాప్‌టాప్‌ను నీడలో, కింద గాలి ఆడేలా పెట్టు. వేడెక్కితే అది తనంతట తనే నెమ్మదిస్తుంది, శబ్దం తెగుతుంది. జనరేటర్ కరెంటు మీద హమ్ (గూయిమనే మోత) వస్తే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ వాడు.

దసరాలకు వస్తావుగా, ఆ కల్యాణి నిషాదం ఊపు మొబైల్లో రికార్డు చేసి ముందే పంపు. బెండ్ పరిధి ఒకటి పెట్టి ఒకసారి, రెండు పెట్టి ఒకసారి. మీ అమ్మకి కూడా వినిపించి ఆవిడేమందో రాయి, మా ఇంట్లో శ్రుతి పట్టే చెవి ఆవిడదే.

మీ మామయ్య