మా వాడిది బద్ధకమా, ఇంకేదైనా సమస్యా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, ఒక్కసారి విన్న కథ కూడా పొల్లుపోకుండా అప్పజెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవడమే, లేదంటే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదివేస్తాడు. 'చెట్టు' అని రాయమంటే అదే పేజీలో ఒకచోట 'చెటు', ఇంకోచోట 'చేట్టు' అని ఉంటుంది. టీచర్ 'తెలివైనవాడే కానీ శ్రద్ధ లేదు' అంటారు. రోజూ సాయంత్రం రెండు గంటలు పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తున్నాను, చివరికి ఇద్దరం ఏడుస్తాం. మావారేమో 'నాకూ చిన్నప్పుడు చదువు ఎక్కేది కాదు, నాలుగు తగిలిస్తే దారికొచ్చాను' అంటూ చెయ్యి చేసుకుంటున్నారు. ఈమధ్య స్కూలు టైముకి కడుపునొప్పి అంటున్నాడు, నోటుపుస్తకాలు మంచం కింద దాచేస్తున్నాడు. ఇది బద్ధకమా? అదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచమంటారా? ఏదైనా ఉందని తేలితే ఆ విషయం వాడికి చెప్పాలా?

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది బద్ధకంలా లేదు. బద్ధకించే పిల్లాడు విన్న కథను మళ్లీ చెప్పమన్నా బద్ధకిస్తాడు కదా. మీ వాడు వినే దగ్గర, మాట్లాడే దగ్గర చురుగ్గా ఉండి సరిగ్గా అచ్చు చూసి చదవాల్సిన చోట, అక్షరాలు కూర్చి రాయాల్సిన చోటే చతికిలబడుతున్నాడు. ఉత్తరం చూసి ఫలానా అని తేల్చడం కుదరదు, అలా తేల్చేవాళ్లను నమ్మకండి కూడా, కానీ డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, స్పెల్లింగ్ రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో పరీక్ష చేయించాల్సినన్ని ఆనవాళ్లు మాత్రం ఇందులో ఉన్నాయి.

మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు, చుట్టూ మాటలు వినబడుతుంటే అదే వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాత కనిపెట్టి సుమారు అయిదు వేల ఏళ్లే అయింది, దానికోసమంటూ మెదడులో పుట్టుకతో వచ్చే ఏర్పాటేమీ లేదు, చూపుకు సంబంధించిన భాగాలనూ మాటకు సంబంధించిన భాగాలనూ ముడివేసుకుని ప్రతి పిల్లాడూ ఆ దారి సొంతంగా వేసుకోవాల్సిందే. చాలామందికి తేలిగ్గా పడిపోతుంది కాబట్టి అదొక పెద్ద పని అని కూడా మనకు తోచదు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు మాటలోని చిన్న చిన్న శబ్దాలను విడదీసి పట్టుకోవడం, ఆ శబ్దాన్ని దాని అక్షరంతో చప్పున కలపడం కష్టమవుతుంది. ఇది కంటి లోపం కాదు, తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లిషులో బి, డి తిరగేసి రాస్తే డిస్లెక్సియా అనే మాట బాగా ప్రచారంలో ఉంది గానీ, కొత్తగా రాయడం నేర్చుకునే చిన్నపిల్లలు చాలామంది అలా రాస్తారు, అదొక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. మీ 'చెట్టు' ఉదాహరణ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది. ఒకే పేజీలో ఒక ఒత్తు ఎగిరిపోయింది, ఇంకోచోట లేని దీర్ఘం వచ్చింది, అంటే ఆ మాట రూపం వాడి మనసులో ఇంకా స్థిరపడలేదు, రాసిన ప్రతిసారీ మొదటినుంచి కట్టుకుంటున్నాడు.

బండి కొత్తగా నేర్చుకునేటప్పుడు క్లచ్చు, గేరు, బ్రేకు ఒక్కోటీ గుర్తు చేసుకుంటూ నడుపుతాం, పక్కనున్నవాళ్లు ఏం మాట్లాడినా బుర్రకెక్కదు. కొన్ని నెలలు పోయాక చేతులూ కాళ్లూ వాటంతటవే పనిచేస్తాయి, మనం కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోతాం. వాడి క్లాసులో చాలామందికి చదవడం ఈ రెండో దశకు వచ్చేసింది, మీ వాడింకా వాక్యం వాక్యానికీ క్లచ్చు వెతుక్కుంటున్నాడు. మనసులో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది ఎవరికైనా కొంచెమే, ఆ కొంచెమూ అక్షరాలకే ఖర్చయిపోతే అర్థానికి ఏం మిగులుతుంది? అందుకే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. కావాలంటే ఒక పని చేయండి. వాడు చదవని పాఠం ఒకటి మీరే పైకి చదివి వినిపించి ప్రశ్నలు అడగండి, అంతే కష్టమైన ఇంకో పాఠం వాడినే చదువుకోమని ప్రశ్నలు అడగండి. రెండింటికీ బాగా తేడా ఉంటే టీచర్‌కి చెప్పడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉన్నట్టే.

ఇదేదో ఈ కాలపు ఫ్యాషన్ జబ్బు అని ఇంట్లో ఎవరైనా అంటారేమో. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. చురుకైన కుర్రాడు, లెక్కలు బాగానే చేసేవాడు, తన పేరు రాయడంలోనే అక్షరాలు తారుమారు చేశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే స్కూల్లో వీడిని మించినవాడు ఉండడు అని అతని మాస్టారు అన్నారట. మీ టీచర్ చెబుతున్నదీ ఇంచుమించు ఇదే, కాకపోతే చివర 'శ్రద్ధ లేదు' అని తగిలిస్తున్నారు. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు, సైకాలజిస్టులు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం స్కూలు వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి చదవడం, రాయడం, లెక్కలు వీటిలో ఏదో ఒకదానిలో ఇలాంటి ఇబ్బంది ఉంటుంది. లెక్కల దగ్గర వస్తే డిస్కాల్క్యులియా అంటారు, రాతలో అయితే డిస్‌గ్రాఫియా. కొందరిలో ఇవి కలిసి ఉంటాయి, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) కూడా తోడవుతుంటుంది, అందుకే పరీక్ష చేసేవాళ్లు అన్నీ చూస్తారు.

ఇక ఆ రెండు గంటల సంగతి. అమ్మా, మీ కష్టం తక్కువదని అనను, కానీ ఆ రెండు గంటల్లో వాడు నేర్చుకుంటున్నది పాఠం కాదు. ఎంత చేసినా ఫలితం మారకపోతే ప్రాణి ప్రయత్నించడమే మానేస్తుందని 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే సైకాలజిస్టులు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు. తప్పించుకునే దారి తర్వాత తెరిచిపెట్టినా చాలా కుక్కలు కదల్లేదు. పిల్లల్లోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. రోజూ అదే కుర్చీ, అదే పుస్తకం, అదే ఏడుపు అయితే 'నేనేం చేసినా ఇంతే' అన్నదే బాగా ఒంటబడుతుంది, మిగతావేవీ పడవు. పుస్తకాలు దాచడాన్ని దొంగబుద్ధి అనుకోకండి, రాత్రి జరిగే గొడవను దాచుకుంటున్నాడు వాడు. కడుపునొప్పి కూడా నాటకం కాకపోవచ్చు, టెన్షన్‌తో వచ్చే నొప్పి నిజంగానే నొప్పి పెడుతుంది. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి, సెలవు రోజుల్లో వస్తోందో లేదో కూడా రాసిపెట్టుకోండి.

దెబ్బల విషయం. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు, ఇవాళ్టి నుంచే ఆగిపోవాలి. నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు, భయపడుతున్న పిల్లాడి మనసులో అసలే చాలని ఆ కొంచెం చోటు కూడా భయమే ఆక్రమిస్తుంది, చదవడానికి ఏమీ మిగలదు. అయితే మీవారితో ఈ మాట ఎలా అనాలన్నదే అసలు చిక్కు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఆయనదే, 'నాకూ చిన్నప్పుడు చదువు ఎక్కేది కాదు' అన్నది. డిస్లెక్సియా కుటుంబాల్లో వస్తుంటుంది, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఆయన ఇప్పటికీ పెద్ద పెద్ద కాగితాలు మీకే ఇచ్చి 'ఏముందో చెప్పు' అంటారా, ఫారాలు మీచేతే నింపిస్తారా, పొడుగాటి మెసేజ్ వస్తే చదవకుండా ఫోన్ చేసేస్తారా? గమనించండి, ఆయన్ని దోషిలా నిలబెట్టడానికి మాత్రం వాడకండి. దెబ్బలతో దారికొచ్చానని ఆయన నమ్ముతున్నారు, నిజానికి దెబ్బలు తింటూనే ఎవరికీ చెప్పుకోలేక తనకు తానే ఏవో తిప్పలు పడి నెట్టుకొచ్చి ఉండొచ్చు. కొడుకు తడబడుతుంటే తన చిన్నతనం గుర్తొచ్చి కోపం వస్తున్నా ఆశ్చర్యం లేదు. గొడవ లేని ఒక పూట, పిల్లాడు లేనప్పుడు, 'మీకు చదువు ఎక్కకపోవడం మీ తప్పు కాకపోవచ్చు, అప్పుడు ఎవరికీ తెలియలేదు, వీడికి తెలుసుకునే అవకాశం ఉంది' అని చెప్పి చూడండి. మీరు వాడి తరఫున పోట్లాడితే ఆయన ఎదురు పక్షంలో కూర్చుంటారు. అదే ఆయన చిన్నప్పటి కష్టం గురించి అడిగితే మాట్లాడే అవకాశం ఉంది. ఒక్కసారికే కాకపోవచ్చు.

సాయంత్రం చదివించడం ఇరవై నిమిషాలకు దించేయండి. అందులో కొంతసేపు మీరూ వాడూ కలిసి ఒకే గొంతుతో చదవండి, ఎక్కడైనా ఆగితే ఎదురుచూడకుండా ఆ మాట మీరే అందించి ముందుకెళ్లండి. ఒక మాట పది సార్లు రాయించడం మానేయండి, మూడోసారికి చెయ్యి మాత్రమే రాస్తుంది, మనసు ఎటో పోతుంది. రోజుకు మూడు నాలుగు మాటలు చాలు, ఒక్కో శబ్దం పలుకుతూ అక్షరం అక్షరం రాయించి, మర్నాడు చూడకుండా రాయమనండి, మళ్లీ రెండ్రోజులాగి, మళ్లీ వారానికి. విడతలు విడతలుగా నేర్చుకున్నదే నిలుస్తుందని ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ సైకాలజిస్టు 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడు, ఆ తర్వాత వచ్చినవాళ్లూ మళ్లీ మళ్లీ అదే చూశారు. విడిగా వాడి వయసుకు తగ్గ మంచి పుస్తకాలు మీరు చదివి వినిపించండి, ఆడియోలు పెట్టండి. వింటే బద్ధకం అలవాటవుతుందని భయపడకండి, కథలూ విషయాలూ కొత్త మాటలూ అందకుండా పోతే ఇంకా వెనకబడతాడు. మెచ్చుకునేటప్పుడు కూడా 'నువ్వు తెలివైనవాడివిరా' అనొద్దు. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే సైకాలజిస్టులు చేసిన పరిశోధనల్లో తెలివిని పొగిడిన పిల్లలు తర్వాత ఓటమి ఎదురైతే త్వరగా డీలాపడ్డారు, ప్రయత్నాన్ని మెచ్చుకున్నవాళ్లు గట్టిగా నిలబడ్డారు. 'ఆ మాట ముక్కలు చేసి చదివావు చూడు, అలాగే చెయ్' అనండి, వాడు నిజంగా చేసినప్పుడే.

పరీక్షకు ముందు కళ్లూ చెవులూ చూపించండి, మామూలు లోపం ఏదైనా ఉంటే ముందే తేలిపోతుంది. తర్వాత పిల్లలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. చదవడం, స్పెల్లింగ్, శబ్దాలు విడదీయడం, లెక్కలు, జ్ఞాపకం, అన్నీ విడివిడిగా చూస్తారు, ఒక్క పూటలో అవ్వకపోవచ్చు. వాడి నోటుపుస్తకాలు ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకెళ్లండి, దిద్దించి శుభ్రం చేయొద్దు. డిస్లెక్సియాకు మాత్ర లేదు. శబ్దానికీ అక్షరానికీ ఉన్న లంకెను ఒక వరుసలో, ఓపిగ్గా, వారంలో చాలాసార్లు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్లు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు అని ఎవరైనా చెబితే డబ్బు పెట్టకండి. డిస్లెక్సియాకు అవి పనిచేస్తాయనడానికి ఆధారం లేదని 2009లోనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి ప్రకటించాయి. నెల రోజుల్లో నయం అనేవాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

టీచర్‌ని నిందించకండి, కావాల్సినవి మాత్రం పేరుపేరునా అడగండి. క్లాసులో ఉన్నట్టుండి లేపి పైకి చదివించకుండా ఉండటం, పరీక్షలో కొంచెం ఎక్కువ టైము, సైన్సు జవాబులో స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం, కొన్నిటికి నోటితో జవాబు తీసుకోవడం. రిపోర్టు ఉంటే చాలాచోట్ల పెద్ద పరీక్షల్లో కూడా అదనపు సమయం ఇస్తారు.

అదే తరగతిలో మళ్లీ ఉంచడం నాకిష్టం లేదు. నేర్పే పద్ధతి మారకుండా ఏడాది మాత్రమే మారితే అదే పాఠం అదే తడబాటుతో చదువుతాడు, పైగా స్నేహితులు పై క్లాసుకు పోతారు. 'పెద్దయితే అదే వస్తుందిలే' అని ఊరుకోవడం కూడా వద్దు. చదవలేనివాడు తక్కువ చదువుతాడు, తక్కువ చదివేకొద్దీ ఇంకా వెనకబడతాడు.

చివరిది, వాడికి చెప్పాలా అన్నది. చెప్పాలి. మీరు చెప్పకపోతే వాడికి తెలియకుండా ఉండదు, మొద్దు అనో పనికిరానివాడు అనో తనకు తాను ఈపాటికే పేరు పెట్టేసుకుని ఉంటాడు. పరీక్ష దాకా ఆగక్కర్లేదు, 'నీకు చదవడం మిగతావాళ్లకన్నా కష్టమవుతోంది, నువ్వు ప్రయత్నించకపోవడం వల్ల కాదని మాకు ఇప్పుడు అర్థమైంది, ఎందుకో తెలుసుకోవడానికి ఒకరి దగ్గరికి వెళ్తున్నాం' అంటే చాలు. తేలాక ఆ పేరు కూడా చెప్పేయండి. ఎప్పటికి పోతుందని అడుగుతాడు, అప్పుడు మాత్రం అబద్ధం చెప్పొద్దు. పూర్తిగా పోకపోవచ్చు, చదవడం బాగా మెరుగవుతుంది, మిగతావాళ్లంత వేగం రాకపోవచ్చు, అందుకే పరీక్షల్లో ఎక్కువ టైము అడుగుతున్నాం అని ఉన్నదున్నట్టు చెప్పండి. వెంటనే ఏమీ మాట్లాడకుండా ఆటకు పరుగెత్తినా పట్టించుకోకండి, నాలుగు రోజులాగి వాడే మళ్లీ అడుగుతాడు.